కంబము నాటుట కెవరి సెలవు?



నేటి ప్రసంగమునకు నే నెన్నుకొన్న ప్రశ్న వినుటకు మిక్కిలి చిన్నది. ఊరిలో ఎత్తైన కంబ మొకటి నాటవలెనన్నచో సెలవీయవలసినవా రెవరు? భూమి గలవాడా, పంచాయతీయా, పురపాలక సంఘమా, లేక ఢిల్లీనగరమందలి ప్రభుత్వమా? తంతికంబముల నాటినుండి నేటి సెల్ టవర్ల వరకు ఈ ప్రశ్న రూపము మార్చుకొనుచు వచ్చినదే కాని తీరిపోలేదు.

ఇది నా మనస్సున బడుటకు కారణము చెప్పెదను. కాకినాడకు దక్షిణమున, కాలువకును ఉప్పుటేటికిని నడుమనున్న యొక గ్రామమునుండి కొంతకాలము క్రిందట నాకు పిలుపు వచ్చెను. ఆ గ్రామమున బడిప్రక్కనున్న కొబ్బరితోటలో సెల్ టవరు నిలుపుటకు ఒక సంస్థవారు తోట గలవారితో ఒడంబడిక చేసికొన సిద్ధపడిరి. గ్రామము రెండు పక్షములయ్యెను. పిల్లలకు హాని కలుగునని ఒక పక్షము. వేటకు సముద్రము మీదికి పోవు తమవారికి తుపాను కబురందు దారి కావలెనని రెండవ పక్షము. రచ్చబండకడ ఒక వృద్ధుడు కాగితములు నా చేతికిచ్చి, "మేష్టారూ, మేం సంతకం పెట్టకపోతే టవరు ఆగుతుందా? పెడితే మా పూచీ ఏమిటి?" అని యడిగెను. ఆ రెండు ప్రశ్నలకును నేను వెంటనే సమాధానము చెప్పజాలనైతిని. ఇంటికి వచ్చి చట్టములు తిరుగవేసితిని. తిరుగవేసిన కొలది చరిత్ర బయటపడెను. దానినే మీ యెదుట నుంచుచున్నాను.

ఎత్తైన కంబము మన తీరమునకు క్రొత్త కాదు. కోరంగి రేవునకు ఓడలు వచ్చిపోవు కాలమున జెండాకంబమును దీపస్తంభమును నావికునకు రెండు కన్నులు. అయినను ఆ కంబములు కనుచూపు మేరకే మాటలాడగలవు. కనుచూపున కందని యాపద వచ్చునప్పుడు అవి మూగలు. 1789 డిసెంబరు నెలలో నొకసారియు, 1839 నవంబరు 25వ తేదీన మరియొకసారియు సముద్రము పొంగి కోరంగిని ముంచివేసెను. మృతుల సంఖ్యను గూర్చి గ్రంథములలో భేదములు కలవు. కాని రేవు మరల మునుపటి స్థితికి రాలేదనుటయు, వర్తకము కాలక్రమమున కాకినాడకు మరలెననుటయు నిశ్చయము. ఆ రెండు దినములందును ముందుగా కబురు చెప్పగల సాధన మీ తీరమున నేదియు లేకుండెను.

విచిత్ర మేమనగా, కోరంగి మునిగిన ఆ 1839వ సంవత్సరముననే, కలకత్తాకడ శిబపురపు వృక్షోద్యానమున ఓషానెసీ యను వైద్యుడు వెదురుబొంగులపై ఇనుపతీగ కట్టి, విద్యుత్తు మూలమున సంజ్ఞలు పంపి చూచెను. మన దేశమున తంతికి అదియే అంకురము. 1851లో కలకత్తానుండి డైమండ్ హార్బరు వరకు తంతిమార్గ మేర్పడెను. 1855లో తంతి ప్రజల యుపయోగమునకు తెరువబడెను. 1864లో కలకత్తాను తుపాను పాడుచేయగా, మరుసటి సంవత్సరమున ఆ రేవునకు తుపాను హెచ్చరికలు పంపు ఏర్పాటు చేసిరి. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను. రేవులలో నంబరు వారిగా ప్రమాదసూచికల నెగురవేయు పద్ధతి మీలో అనేకు లెరుగుదురు. ఆ సూచిక కంబముపై కెక్కుటకు ముందు వార్త తంతిమీదనే రావలసి యుండెను. కావున కంబము లేనిదే కబురు లేదు. కబురు లేనిదే ప్రాణరక్షణ లేదు.

కాని తంతికంబము గాలిలో నిలువదు గదా! అది ఎవరి పొలముననో, ఎవరి పెరటిలోనో నిలువవలెను. అచ్చటనే వివాద మారంభమయ్యెను. దానిని తీర్చుటకు 1885లో భారత తంతి చట్టము పుట్టెను. ఆ చట్టమును నేను మీకు కొంచెము వివరింపవలెను. ఏలయన నేటి సెల్ టవరు తగవులకు మూలపురుషుడు ఆ చట్టమే.

తంతి నడపు అధికారము ప్రభుత్వమునకే చెందునని దాని 4వ సెక్షను చెప్పెను. 10వ సెక్షను మరింత బలమైనది. తంతి అధికారి ఎవరి స్థిరాస్తిమీదనైనను, క్రిందనైనను, అడ్డముగానైనను తీగ నడపవచ్చును, కంబము నాటవచ్చును. అయితే ఆ యధికారమునకు మూడు కట్టుబాట్లు పెట్టిరి. మొదటిది: కంబము నాటినంత మాత్రమున భూమి ప్రభుత్వపరము కాదు, తీగకు కావలసిన వాడుకహక్కు మాత్రమే వచ్చును. రెండవది: స్థానిక సంస్థ యధీనమందున్న భూమియైనచో ఆ సంస్థ యనుమతి లేనిదే కంబము నాటరాదు. మూడవది: సాధ్యమైనంత తక్కువ నష్టము చేసి, కలిగిన నష్టమునకు పూర్తి పరిహార మీయవలెను. ఎవరైన నడ్డగించినచో జిల్లా మేజిస్ట్రేటు ఆజ్ఞ యిచ్చును. పరిహారము చాలదన్న తగవును జిల్లా జడ్జి తీర్చును.

మన కోనసీమవంటి కొబ్బరిసీమకు మరియొక సెక్షను ముఖ్యమైనది. 18వ సెక్షను ప్రకారము, చెట్టు తీగ కడ్డమువచ్చినచో మేజిస్ట్రేటు దానిని తీయింపవచ్చును. కాని తీగకంటె ముందుగా ఆ చెట్టు అచ్చట నుండినచో చెట్టు గలవారికి తగిన పరిహార మిప్పింపవలెను. చెట్టు ముందా, తీగ ముందా అను దానిపై న్యాయము నిలిచినది. ఇందు నాకొక నీతి గోచరించుచున్నది. క్రొత్తగా వచ్చినవాడు ఎంత ప్రయోజనకారియైనను, ముందుగా నున్నవానికి సమాధానము చెప్పవలసియే యున్నది.

ఒకవైపున తంతిచట్ట మిట్లుండగా, మరియొకవైపున నేలను గూర్చిన చట్టము వేరుగా పెరిగెను. కాకినాడ పురపాలక సంఘము 1866లో నేర్పడెను. వీధి వెడల్పు, ఇంటి ఎత్తు, మురుగు, వెలుతురు మొదలగువాని గూర్చి పురపాలక సంఘములు క్రమముగా నిబంధనలు చేసికొనసాగినవి. 1920లో చెన్నపురి రాష్ట్రమున పట్టణ నిర్మాణ చట్టము వచ్చెను. ఏ భాగమున నివాసములు, ఏ భాగమున అంగళ్లు, ఏ భాగమున కర్మాగారములు ఉండవలెనో పటము గీసి నిర్ణయించుట దాని యుద్దేశము. దీనినే నేడు జోనింగు అనుచున్నారు. మన పెద్దలకు ఈ భావము క్రొత్త కాదు. ఊరికి శ్మశాన మే దిక్కున, చెరు వే దిక్కున, కళ్లము లేచోట అను కట్టుబాటు ప్రతి గ్రామమునను కలదు. చట్టము దానికి పటమును, ముద్రను చేర్చినది.

ఇట్లు రెండు కాలువలు వేరువేరుగా ప్రవహించినవి. మాట ప్రయాణించుటను గూర్చిన చట్టము కేంద్ర ప్రభుత్వముది. నేల వాడుకను గూర్చిన చట్టము స్థానికులది. ఎత్తైన కంబ మా రెండు కాలువలును కలియుచోట నిలిచియున్నది.

తరువాత తీగయే యక్కరలేని కాలము వచ్చెను. 1895లో జగదీశచంద్ర వసు కలకత్తాలో గోడల నడ్డుపెట్టియు విద్యుత్తరంగములు దూరిపోవుట ప్రదర్శించెను. 1901లో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా సంజ్ఞ నందుకొనెను. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు నిస్తంత్రీ వార్తవలననే మరియొక ఓడ వచ్చి ఏడువందల మందిని రక్షించెను. ఆ వార్త ప్రపంచమునకు ఒక పాఠము నేర్పెను: ఎత్తైన తీగ యొకటి ఓడకొయ్యపై నుండుట విలాసము కాదు, ప్రాణరక్షణ.

1923 డిసెంబరు నెలలో మన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. మౌలానా మహమ్మదాలీ అధ్యక్షుడు. ఆ తరువాత ఏడాది తిరుగకముందే, 1924 జూలై 31వ తేదీన, చెన్నపురి రేడియో క్లబ్బువారు ప్రసారము మొదలుపెట్టిరి. ధనము చాలక ఆ క్లబ్బు 1927లో ఆగిపోగా, 1930లో చెన్నపురి కార్పొరేషను ఆ పని చేపట్టెను. పురపాలక సంస్థ తానే ప్రసారయంత్రమును నడపి, సముద్రతీరమునను ఉద్యానములందును గొట్టములు పెట్టి ప్రజలకు సంగీతము వినిపించెను. స్థానిక సంస్థ ఆకాశమార్గమునకు అడ్డుగానిలుచునదే కాదు, అవసరమైనచో దానికి పోషకురాలు కూడ కాగలదనుట కిది నిదర్శనము. 1938 జూన్ 16వ తేదీన అఖిలభారత రేడియోవారి చెన్నపురి కేంద్ర మారంభమయ్యెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము తెలుగువారికి లభించెను.

నడుమ 1933లో నిస్తంత్రీ తంతి చట్టము వచ్చెను. లైసెన్సు లేనిదే రేడియో పెట్టె ఇంట నుంచుకొనుట నేరమని అది శాసించెను. ఇంటికప్పుపై రెండు వెదురుగడల నడుమ రాగితీగ కనిపించినచో, ఆ యింట రేడియో యున్నదని వీధివారికి తెలియుచుండెను, ఇన్‌స్పెక్టరునకును తెలియుచుండెను. తపాలా కచేరిలో ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొన్న జ్ఞాపకము మీలో పెద్దలకు తప్పక యుండును. ఆ లైసెన్సు 1980ల దశకమున రద్దగువరకు నడచినది.

యుద్ధకాలమున ఈ తీగలమీద అనుమానము మరింత పెరిగెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. ఆ సంవత్సరముననే ఆగస్టు మొదలు నవంబరు వరకు బొంబాయిలో ఉషామెహతాయు ఆమె తోడివారును కాంగ్రెసు రేడియోను రహస్యముగా నడపి, తుదకు పట్టుబడిరి. ప్రభుత్వము దృష్టికి నిస్తంత్రీ తీగ ఒకచో రక్షకము, మరియొకచో తిరుగుబాటు. అందువలన దాని నెచ్చట నిలుపవచ్చుననుట చాలకాలము వరకు రాజ్యరక్షణ ప్రశ్నగానే యుండెను గాని, ఊరి సౌకర్యపు ప్రశ్న కాలేదు. ప్రసారకేంద్రముల కంబములు కొలదిగా నుండెను. అవి ఊరిబయట నుండెను. వాని నీడ ఎవరి వాకిటను పడలేదు.

1995 జూలై 31వ తేదీన ఈ స్థితి మారెను. ఆనాడు కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని మంత్రి సుఖరాంతో సెల్ ఫోనులో మాటలాడెను. మన దేశమున తొలి సెల్ ఫోను సంభాషణ యదియే. డెబ్బదియొక్క సంవత్సరములకు పూర్వము అదే తేదీన చెన్నపురిలో రేడియో ప్రసార మారంభమగుట యాదృచ్ఛికము.

సెల్ ఫోను స్వభావము రేడియో స్వభావము వంటిది కాదు. రేడియో కేంద్రము ఒకటియే బిగ్గరగా పలుకును, వేలమంది విందురు. సెల్ ఫోనులో ప్రతి మనుష్యుడును పలుకవలెను, వినవలెను. అందుచేత దేశమును చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క కంబము నిలిపిరి. ఆ గడికే ఆంగ్లమున సెల్ అని పేరు. వాడువారు పెరిగిన కొలది గళ్లు చిన్నవై, కంబములు దగ్గర కావలెను. కావున ఈ కంబమును ఊరిబయటికి నెట్టివేయుట సాధ్యము కాదు. జనమున్నచోటనే అది నిలువవలెను. నేడు తగవున కిదియే మూలము: సంకేత మందరకు కావలెను, కంబము మాత్రము ప్రక్కవాని వాకిట నుండవలెను.

ఇక హాని మాట. విద్యుత్తరంగములు కాన్సరు కలిగింప "సంభావ్యత కలదే"మో యను వర్గమున ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2011లో వానిని చేర్చెను. ఆ వర్గముననే ఆసియా ఖండమున సంప్రదాయముగా ఊరవేయు కూరగాయలును కలవు. కావున ఆ మాట విని పారిపోనక్కరలేదు, దానిని పెడచెవిని బెట్టనక్కరలేదు. అంతర్జాతీయముగ నంగీకరింపబడిన పరిమితిలో పదియవ వంతునకు మించరాదని భారత ప్రభుత్వము 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి నియమము పెట్టెను. 900 మెగాహెర్ట్సు తరంగములకు ఆ పరిమితి చదరపు మీటరునకు 0.45 వాటు.

టవరు తరంగము లెట్లు ప్రసరించునో మీరు గ్రహింపవలెను. దీపస్తంభపు వెలుగువలె అవి పైనుండి ముందునకు సాగును. దీపము క్రింద చీకటి యన్నట్లు, కంబము మొదట వాని బలము తక్కువ. ఎదురుగా, అదే యెత్తున నున్న మేడగదికి ఎక్కువ. అందువలననే 2013లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రముల కిచ్చిన సూచనలలో, ఒక యాంటెన్నా యున్నచో ఎదుట అదే యెత్తునగల యిల్లు 20 మీటర్ల దూరమున, రెండున్నచో 35 మీటర్ల దూరమున, నాలుగున్నచో 45 మీటర్ల దూరమున నుండవలెనని యున్నది. మరియొక సంగతి: టవరు దూరమైన కొలది మన చేతిలోని ఫోను మరింత బలముగా పలుకవలసి వచ్చును. తలకు తగిలియుండునది ఆ ఫోనే గదా!

న్యాయస్థానము లీ విషయమున ఏకముఖముగా లేవు. 2012లో రాజస్థాన్ హైకోర్టు బడులకును ఆసుపత్రులకును చేరువనున్న టవర్లను తొలగింపవలెనని యాజ్ఞాపించెను. 2017లో గ్వాలియరున ఇండ్లలో పనిచేయు నొక మనుష్యుని విన్నపముపై సుప్రీంకోర్టు ఒక టవరును నిలిపివేయించెను. పక్షులకును తేనెటీగలకును హాని తగ్గించుటకై 2012 ఆగస్టులో పర్యావరణ శాఖవారు ఒక సలహా నిచ్చిరి. ఉన్న టవరునకు ఒక కిలోమీటరు లోపల క్రొత్త టవరు వలదని యందు గలదు. 1978లో నేర్పడిన కోరింగ అభయారణ్యము, దాని మడచెట్లు, వలసపక్షులు మన వాకిటనే యున్నవి గనుక ఆ సలహా కాకినాడవారికి పొరుగూరి మాట కాదు.

ఇప్పుడు రెండవ పక్షము మాట వినుడు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను మీ కందరకు జ్ఞాపకమే. వేయిమందికి పైగా మృతులైరి. వారిలో వేటకు పోయినవారు పెక్కురు. కబురు దేశమున నుండెను. రేడియో చెప్పుచునే యుండెను. కాని సముద్రము మీదనున్న పడవకు తిరుగు కబురు పంపు దారి లేకుండెను. సెల్ ఫోను మన తీరపు పల్లెల కింకను రాలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఫోనులున్నవి; కాని గాలికి కంబములును, కరెంటును దెబ్బతిని, కొన్ని దినములు మాట సాగలేదు. మొదటిది కంబము లేని నష్టము. రెండవది కంబము నిలువని నష్టము. మన కోస్తాతీరమున కట్టడములు సెకండునకు 50 మీటర్ల, అనగా గంటకు 180 కిలోమీటర్ల గాలివేగమును లెక్కించి కట్టవలెనని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. సంతకము పెట్టు పెద్ద అడుగవలసిన మొదటి ప్రశ్న యిదియే.

ఇంతకును సెలవెవరిది? 2016 నవంబరులో కేంద్ర ప్రభుత్వము దారిహక్కు నియమములను ప్రకటించెను. టవరునకు దరఖాస్తు పెట్టు సంస్థ స్థలము, ఎత్తు, బరువు తెలుపవలెను. ఇంటిపైనైనచో ఇంజనీరు ధ్రువపత్రము చేర్చవలెను. దరఖాస్తు రుసుము పదివేల రూపాయలకు మించరాదు. స్థానిక సంస్థ 60 దినములలో తేల్చకున్నచో అనుమతి యిచ్చినట్లే యెంచబడును. తిరస్కరింపదలచినచో కారణము వ్రాతమూలముగా తెలుపవలెను. 2022 ఆగస్టులో ఆ నియమములు సవరింపబడెను. ప్రైవేటు స్థలమందు టవరు పెట్టుటకు స్థానిక సంస్థ యనుమతి యక్కరలేదనియు, ముందుగా తెలియజేసిన చాలుననియు నిర్ణయించిరి. 2023లో క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చెను. దాని క్రింద చేసిన 2024వ సంవత్సరపు దారిహక్కు నియమములు 2025 జనవరి 1వ తేదీనుండి పాతవాని స్థానమున అమలులోనికి వచ్చెను.

ఈ 2023 నాటి చట్టమును చదివినప్పుడు నాకు 1885 జ్ఞప్తికి వచ్చెను. ప్రైవేటు భూమియైనచో సంస్థకును భూమిగలవానికిని ఒడంబడిక జరుగవలెను. ఆతడు సమ్మతింపక, ప్రజాహితమున కది యవసరమని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినచో, ఆ దారిహక్కును ప్రభుత్వము తీసికొనవచ్చును. తగవు వచ్చినచో జిల్లా మేజిస్ట్రేటు. పరిహారపు తగవైనచో జిల్లా జడ్జి. నూటముప్పది యెనిమిది సంవత్సరములు గడచినను ఆ యిద్దరు అధికారులే మిగిలిరి! మారినది పంచాయతీ స్థానము. 1885లో సర్కారు తంతిశాఖయే స్థానిక సంస్థ వాకిట నిలిచి తన భూమికై యనుమతి యడుగవలసి యుండెను. నేడు సంస్థలు వ్యాపారార్థము వచ్చుచున్నను, గడువు స్థానిక సంస్థకే విధింపబడినది.

పన్ను మాటయు నట్లే. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు టవరును కట్టడముగా నెంచి ఆస్తిపన్ను వేయవచ్చునని తీర్పు చెప్పెను. 2023 నాటి చట్టము టెలికాం యంత్రజాలము తానున్న ఆస్తిలో భాగము కాదనియు, ఆ యాస్తిపన్ను లెక్కలోనికి రాదనియు చెప్పినది. పంచాయతీ రాబడిని లెక్కించుకొను పెద్దలు దీని నెరిగియుండవలెను.

ఈ కలహము మనకే ప్రత్యేకము కాదు. అమెరికాలో 1996వ సంవత్సరపు చట్టము టవరు ఎచ్చట నిలువవలెనో నిర్ణయించు హక్కును ఊరి సంఘములకే యుంచెను. కాని కేంద్ర పరిమితికి లోబడిన తరంగములను గూర్చిన భయమును కారణముగా చూపి నిరాకరింపరాదని కట్టడిచేసెను. నిరాకరించినచో వ్రాతమూలముగా, తగిన ఆధారములతో నిరాకరింపవలెను. అనగా స్థలము ఊరివారి మాట. తరంగబలము శాస్త్రజ్ఞుల మాట. ఈ విభాగము నాకు వివేకముగనే తోచుచున్నది. మన పంచాయతీకి చట్టములో చోటు తగ్గినను, స్థలమును గూర్చి మాటలాడుటకు నోరు తగ్గలేదు.

ఆ గ్రామమునకు మరల పోయి నేనిదే చెప్పితిని. "మీ సంతకము లేకున్న టవరు తప్పక ఆగునని చెప్పజాలను. కాని మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పక వారు పోజాలరు" అంటిని. ఏ ప్రశ్నలడుగవలెనో వ్రాసియిచ్చితిని. గాలివేగమునకు లెక్కగట్టిన ఇంజనీరు ధ్రువపత్ర మేది? కంబము కూలినచో ఏ యింటిమీద పడును? వరదనీరు వచ్చినప్పుడు దాని యంత్రము లెంత యెత్తున నుండును? కరెంటు పోయినప్పుడు ఎన్ని గంటలు నడచును? జనరేటరు మ్రోత, పొగ ఎవరి కిటికీవైపు పోవును? తరంగబలమును కొలిపించి ఆ లెక్కను ఊరిలో చూపుదురా? టెలికాం శాఖవారు 2017లో ఆరంభించిన తరంగ్ సంచార్ మూలముగా టవరు వివరములు చూచుకొనవచ్చుననియు, నియమిత రుసుముతో కొలిపించుకొనవచ్చుననియు చెప్పితిని.

గ్రామస్థులు నాలుగు సభలు జరిపిరి. బడిప్రక్క తోట నల్లచెరువులవలె వర్షమున మునుగుననుట ఆ తోటలో పుట్టి పెరిగిన యొక వృద్ధురాలు చెప్పినదాక ఎవరికిని తోచలేదు. పిల్లల మాటకంటె నీటి మాట సంస్థవారికి శీఘ్రముగా బోధపడెను. తుదకు రోడ్డు ప్రక్కనున్న మెరకభూమిలో, ఇండ్లకు దూరముగా, టవరు నిలిచెను. మార్గమున మూడు కొబ్బరిచెట్లు పోయెను. వాని వెల ముందుగా చేతికిచ్చిన పిమ్మటనే గొడ్డలి పడెను. భయపడిన వారి భయము పూర్తిగా పోయినదని నేననను. కాని తమ్ము నడుగకయే చేసిరను బాధ మాత్రము వారికి లేదు. మొన్నటి వాయుగుండమునాడు వారి పడవలు ముందురోజే ఒడ్డు చేరెను.

ఒక హెచ్చరిక చేసి ముగించెదను. "మీ పొలములో టవరు పెట్టెదము, లక్షల అద్దె యిచ్చెదము, ముందుగా రుసుము కట్టుడు" అని ఫోనులు చేసి, ప్రభుత్వ ముద్రలు గల కాగితములు చూపి మోసగించువారు కలరు. టెలికాం శాఖగాని, ట్రాయ్ సంస్థగాని టవరునకై భూములు అద్దెకు తీసికొనదు. అందుకై రుసుమును వసూలుచేయదు. నిజముగా టవరు పెట్టువాడు భూమిగలవానికి సొమ్ము ఇచ్చును గాని, వానినుండి పుచ్చుకొనడు. ఈ యొక్క మాట మీ వీధివారికి చెప్పిన చాలును.

పూర్వము మన పెద్దలు ధ్వజస్తంభమును ఎచ్చట ప్రతిష్ఠింపవలెనో ఊరందరు కూడి నిశ్చయించుకొనిరి. దానికి పునాది లోతు చూచిరి, దిక్కు చూచిరి, ఎవరి దారి మూయబడునో చూచిరి. ఈనాటి యినుపకంబమునకును అంతటి విచారణ తగును. కంబము వలదనుట సులువు. సరే యని కన్నులు మూసికొని సంతకము పెట్టుట మరింత సులువు. ఈ రెంటి నడుమ కూర్చుండి ప్రశ్నించుట పెద్దరికము. సెలవిచ్చు హక్కు చట్టములో ఎంత తగ్గినను, అడుగు హక్కు ఎవరును మనవద్ద తీసికొనలేదు.

ఇక నాకు సెలవు.